గాలికి పోయిన నేల: అమెరికా మైదానముల అనుభవము

వాన కురియుట మన చేతిలో లేదు. కాని నేల గాలికి లేచిపోవుట చాలవరకు మన సేద్యమును బట్టి యుండును. అమెరికా మైదానములలో 1930 తరువాత జరిగినది ఇందుకు నిదర్శనము.

దుమారము ఎట్లు పుట్టినది?

కాన్సాస్, ఓక్లహోమా, టెక్సాస్, కొలరాడో రాష్ట్రముల మెట్ట మైదానములలో వాన తక్కువ, గాలి ఎక్కువ. అచ్చట పొట్టిగడ్డి వేళ్లు మట్టిని పట్టి యుంచెడివి. మొదటి ప్రపంచ యుద్ధకాలమున గోధుమ ధర పెరుగగా రైతులు లక్షలాది ఎకరముల గడ్డినేల దున్నిరి. 1929 తరువాత ధర పడిపోగా, నష్టము పూడ్చుకొనుటకు మరింత దున్నిరి. డిస్కు నాగళ్లు మట్టిని పొడి చేసెను. అంతలో కరవు వచ్చెను. పైరు లేక నేల బోడిగా మిగిలెను. 1934 మే నెలలో లేచిన దుమ్ము న్యూయార్కు వరకు పోయెను. 1935 ఏప్రిల్ 14న పట్టపగలే చీకటి క్రమ్మెను. వేలాది కుటుంబములు ఊళ్లు విడిచెను.

మట్టి ఎట్లు కదలును?

గాలికి మొదట సన్నని ఇసుక రేణువులు నేలపై గంతులు వేయును. అవి పడిన చోటనెల్ల మెత్తని మట్టిని లేపును. నేలసారము అందే యుండును. అది ఆకాశమునకెక్కి పోగా ముతక ఇసుక మిగులును. కావున గంతులు వేయు రేణువులను ఆపుటయే ఉపాయము.

వారు చేసిన పనులు

1935 ఏప్రిల్ 27న నేల సంరక్షణ చట్టము వచ్చెను. హ్యూ బెన్నెట్ అధిపతిగా ఒక శాఖ ఏర్పడెను. రైతులు గాలికడ్డముగా లోతైన చాళ్లు తోలిరి. గోధుమ, జొన్న పట్టెలుగా వేసిరి. చెట్ల వరుసలు నాటిరి. కెనడా మైదానములలోను ఇదే బాధ కలుగగా, అచ్చట ఛార్లెస్ నోబుల్ అను రైతు మన గుంటకను పోలిన వెడల్పు బ్లేడు చేసెను. అది కలుపును అడుగున కోసి, కొయ్యకాళ్లను పైననే నిలుపును.

మనము చేయదగినవి

అనంతపురం జిల్లాలో హగరి ఒడ్డున కణేకల్లు, బొమ్మనహాళ్ ప్రాంతములలో నైరుతి గాలులకు ఇసుక పొలములపైకి వచ్చును. వేరుసెనగ మొక్కను పెరికివేయుటచే నేల బోడియగును. కావున:

1. జొన్న, సజ్జ, కంది కోయునపుడు జానెడు కొయ్యకాళ్లు విడువవలెను. మేత కొంత తగ్గినను మట్టి దక్కును.
2. వేరుసెనగలో కంది సాళ్లు గాలికడ్డముగా వేయవలెను.
3. ఎండు దుక్కిలో పెళ్లలను పొడి చేయరాదు.
4. పడమటి గట్టున చెట్లు పెంచవలెను.

కరవు తీరి వాన వచ్చిననాడు విత్తుటకు నేల మిగిలి యుండవలెను గదా!