బడికి వెళ్ళని మనిషి తెచ్చిన చట్టం

అమెరికాలో వయోమింగ్ అనే ప్రాంతం ఉంది. అంతా కొండలు, బీడు నేలలు. చలి ఎక్కువ. అక్కడ షోషోనీ మొదలైన ఆదివాసులు తరతరాలుగా బతుకుతున్నారు. 1867లో సౌత్ పాస్ అనే చోట బంగారం దొరికింది. ఆ మాట వినగానే ఎక్కడెక్కడి నుంచో జనం వలస వచ్చారు. ఆదివాసుల నేలలోకి చొచ్చుకొచ్చారు. గుడిసెలు వేశారు. గనులు తవ్వారు. అలా సౌత్ పాస్ సిటీ అనే ఊరు పుట్టింది.

ఆ ఊరికి వలస వచ్చిన వాళ్ళలో విలియం బ్రైట్ ఒకరు. ఆయనది వర్జీనియా. ఒక్క రోజు కూడా బడికి వెళ్ళలేదని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. అయినా చదవడం, రాయడం నేర్చుకున్నాడు. ఆ ఊళ్ళో సారా దుకాణం పెట్టాడు. గనుల వ్యాపారంలోనూ చెయ్యి పెట్టాడు.

1869లో వయోమింగ్‌లో మొదటి శాసనసభ ఏర్పడింది. అందులో రెండు సభలు. రెండింటిలోనూ అందరూ మగవాళ్ళే. పై సభకు బ్రైట్ అధ్యక్షుడయ్యాడు.

బ్రైట్ భార్య పేరు జూలియా. ఆడవాళ్ళకు ఓటు ఉండాలని ఆమె నమ్మేది. బ్రైట్ ఆ మాట సభలో పెట్టాడు. ఆడవాళ్ళకు ఓటు హక్కు ఇవ్వాలని బిల్లు తెచ్చాడు.

బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతి మగవాళ్ళకు అప్పటికే ఓటు వచ్చింది. "వాళ్ళకు ఉన్నప్పుడు నా తల్లికి, నా భార్యకు ఎందుకు ఉండకూడదు?" అన్నది ఆయన వాదం. నల్లవాళ్ళను తక్కువ చేయడం తప్పు. ఆడవాళ్ళకు ఓటు అడగడం న్యాయం. ఒకే మనిషిలో రెండూ ఉన్నాయి.

బిల్లు చూసి కొందరు నవ్వారు. కొందరు ఎదిరించారు. ఇంకొందరు లెక్క వేసుకున్నారు. అక్కడ ఆరుగురు మగవాళ్ళుంటే ఒక్క ఆడమనిషి ఉండేది. ఓటు ఇస్తే ఆడవాళ్ళు వచ్చి కాపురాలు పెడతారని వాళ్ళ ఆశ. ఎవరి ఆలోచన ఏదైతేనేం, బిల్లు గెలిచింది. 1869 డిసెంబరు 10న గవర్నరు సంతకం చేశాడు. పెళ్ళయిన స్త్రీకి సొంత ఆస్తి ఉండవచ్చని, పంతులమ్మకు పంతులుతో సమానంగా జీతం ఇవ్వాలని కూడా ఆ సభే చట్టం చేసింది.

1870లో సౌత్ పాస్ సిటీలో ఎస్తర్ మారిస్ అనే ఆమె న్యాయాధికారి అయింది. ఊళ్ళో తగాదాలు విని తీర్పు చెప్పింది. అదే ఏడు సెప్టెంబరు 6న లారమీ అనే ఊళ్ళో ఎన్నిక జరిగింది. లూయిజా స్వెయిన్ అనే పెద్దావిడ పొద్దున్నే సరుకు తెచ్చుకోవడానికి గిన్నె పట్టుకుని బయలుదేరింది. దారిలో ఆగి ఓటు వేసింది. ఆ ఊళ్ళో ఓటు వేసిన మొదటి స్త్రీ ఆమే.

వచ్చిన హక్కు ఊరికే నిలవలేదు. 1871లో కొందరు సభ్యులు ఆ చట్టం రద్దు చేయాలని చూశారు. రద్దు బిల్లు రెండు సభల్లోనూ గెలిచింది. గవర్నరు ఒప్పుకోలేదు. ఆయన మాటను తోసేయాలంటే సభలో మరింత బలం కావాలి. ఒక్క ఓటు తక్కువైంది. ఆ ఒక్క ఓటు వల్లే ఆడవాళ్ళ హక్కు నిలిచింది.

1890లో వయోమింగ్ రాష్ట్రమైంది. ఆడవాళ్ళ ఓటును వదులుకోకుండానే రాష్ట్రమైంది. అమెరికా అంతటా స్త్రీల ఓటు హక్కు రాజ్యాంగంలో చేరింది మాత్రం 1920లో. అంటే బ్రైట్ బిల్లు తర్వాత 51 ఏళ్ళకు.

కొత్త మాటలు
బిల్లు – చట్టం చేయమని సభలో పెట్టే కాగితం
రద్దు – ఉన్నదాన్ని తీసివేయడం
న్యాయాధికారి – తగాదా విని తీర్పు చెప్పే మనిషి

ఆలోచించండి, చెప్పండి
1. ఆడవాళ్ళకు ఓటు ఇవ్వడానికి సభ్యులు ఎందుకు ఒప్పుకున్నారు?
2. 1871లో ఒక్క ఓటు అటు పడి ఉంటే ఏమయ్యేది?
3. బ్రైట్ చేసిన మంచి ఏది? ఆయన ఆలోచనలో తప్పు ఏది?

చేయండి
మీ ఊరి ఓటర్ల జాబితా అడిగి తెప్పించుకోండి. అందులో మీ పేరు మీరే వెతికి చదవండి. తప్పు ఉంటే దిద్దించండి. పక్కింటి అమ్మ పేరు కూడా చూసి చెప్పండి.