ఒక్క గది ఇంట్లో పిల్లలతో: ఏది ముందు బయటికి వెళ్ళాలి?

నందిగామ, జగ్గయ్యపేట చుట్టుపక్కల గ్రామాల్లో చాలా కుటుంబాలకు ఉన్నది ఒక్క గది, ముందు చిన్న వసారా. వంట, పడక, పిల్లల చదువు, పంట నిల్వ అన్నీ అక్కడే. ఇందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో ప్రతి 100 కుటుంబాల్లో సుమారు 37 కుటుంబాలు ఒకే గదిలో నివసిస్తున్నాయి. గదిని పెద్దది చేయలేకపోవచ్చు. కాని అందులోని సామాను తగ్గించుకోవచ్చు. ఏది ముందు తీసివేయాలో తెలుసుకుందాం.

1. మొదట పురుగుమందు

పత్తి, మిరప పండించే మన మెట్ట ప్రాంతంలో మందు డబ్బాను చూరులోనో, మంచం కిందనో పెడుతుంటారు. పిల్లలు పడుకునే గదిలో అది ఒక్క రాత్రి కూడా ఉండకూడదు. 2013 జూలైలో బీహారు రాష్ట్రం సారణ్ జిల్లాలో బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు ఉన్నట్లు పరీక్షల్లో తేలింది.

• ఒక విడత కొట్టడానికి సరిపడే మందే కొనండి.
• మిగిలితే ఇంటి బయట, తాళం వేసిన పెట్టెలో పెట్టండి.
• ఖాళీ డబ్బాల్లో నీళ్ళు, నూనె, పప్పులు పోయవద్దు. డబ్బాకు చిల్లులు పొడిచి, మళ్ళీ వాడకుండా చేయండి.
• పురుగుమందు, కిరోసిన్ కూల్‌డ్రింకు సీసాల్లో పోయవద్దు.

పిల్లలు పొరపాటున మింగితే వాంతి చేయించవద్దు. ఒంటిమీద పడితే బట్టలు విప్పి, సబ్బుతో బాగా కడగండి. 108కి ఫోన్ చేయండి. మందు డబ్బాను ఆసుపత్రికి తీసుకురండి. దానిమీద ఉన్న పేరు చూస్తే చికిత్స త్వరగా మొదలవుతుంది.

2. తర్వాత పంట

ధర వచ్చేదాకా పత్తిని, మిరప టిక్కీలను గదిలోనే ఉంచితే ఆ దుమ్ము, ఘాటు వల్ల పిల్లలకు దగ్గు, ఆయాసం పెరుగుతాయి. పొయ్యి పక్కన పత్తి ఉంటే నిప్పు ప్రమాదం. ధాన్యం బస్తాల కోసం ఎలుకలు, ఎలుకల కోసం పాములు వస్తాయి. వసారాలో బల్ల మీద, గోడకు ఎడంగా పెట్టి పట్టా కప్పండి.

3. గాలికి దారి

కిటికీకి అడ్డంగా ట్రంకు పెట్టెలు, బట్టల మూటలు ఉంటే వెంటనే తీయండి. కట్టెల పొయ్యిని వసారాలోకి మార్చండి. ఇంట్లో ఎవరికైనా రెండు వారాలు మించి దగ్గు ఉంటే తెమడ పరీక్ష చేయించండి. క్షయ అని తేలితే కిటికీ, తలుపు తెరిచి ఉంచడం, దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డుపెట్టుకోవడం తప్పనిసరి. పిల్లలను కూడా పరీక్షకు తీసుకురండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితం.

4. పడక

కట్లపాము రాత్రిపూట, నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది. గాటు కనపడకపోవచ్చు, వాపు ఉండకపోవచ్చు. తెల్లవారుజామున పిల్లవాడు కడుపునొప్పి అని లేచి, కనురెప్పలు వాలిపోతుంటే ఆలస్యం చేయవద్దు. కట్టు కట్టడం, కోయడం, మంత్రం వేయించడం వద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. మంచం లేకపోతే దోమతెర అంచులు చాప కిందికి దోపండి. దోమ, పాము రెండిటి నుండీ రక్షణ దొరుకుతుంది.

5. ఖాళీ చేసిన చోటు

ఖాళీ అయిన చోట మళ్ళీ సామాను పెట్టవద్దు. ఆ నాలుగడుగుల నేల పిల్లలు ఆడుకోవడానికి, చదువుకోవడానికి వదలండి. పుస్తకాలకు గోడకు ఒక సంచి, బట్టలకు ఒక దండెం చాలు. నీళ్ళ డ్రమ్ములకు మూత పెట్టి, వారానికి ఒకసారి ఖాళీ చేసి తోమండి. పాకే పిల్లలున్న ఇంట్లో బకెట్టులో నీళ్ళు వదలవద్దు.

మీ రోగిని ఇంటికి తీసుకువెళ్ళే ముందే ఒకరు వెళ్ళి ఈ పనులు చేయండి. డబ్బు ఖర్చు లేదు, ఒక పూట శ్రమ చాలు.

గుర్తుంచుకోండి: ముందు విషం, తర్వాత పంట, ఆ తర్వాత మిగిలిన సామాను.