సైతాను – ముస్లిం సంప్రదాయమున, సూఫీల విచారమున

అల్లరి చేయు బిడ్డను తల్లి విసుగుచెంది "సైతాను" అనుట మన యిండ్లలో వినుచునే యుందుము. ఆ మాటలో కోపముకంటె ముద్దే హెచ్చు. కాని గత సంవత్సరము మన పాఠశాల ఆటస్థలమున ఒక బాలుడు తన తోటి ముస్లిం విద్యార్థిని కోపముతో అదే మాట అనెను. ఆ బిడ్డ కంటతడి పెట్టుకొని నా గదికి వచ్చి, "మాష్టారూ, నమాజులో మేం ఎవడి నుంచి కాపాడమని దేవుణ్ణి వేడుకుంటామో వాడి పేరది. నన్నలా పిలవొచ్చా?" అని అడిగెను.

పిలిచిన వానిని మందలించితిని. కాని ఆ పేరునకు గల అర్థమును ఇద్దరికిని వివరింపబోయినప్పుడు, అది నాకును సరిగా తెలియదని గ్రహించితిని. మన పిల్లలు ఒకే బల్లమీద కూర్చుండి చదువుచున్నారు. ఒకరి యింట పవిత్రముగా నెంచు విషయములు రెండవవారి యింట తెలియకుండుట మంచిది కాదు. అందుచే గ్రంథములు చదివి, పెద్దలనడిగి నేర్చుకొన్న సంగతులను తల్లిదండ్రుల ముందుంచుచున్నాను.

1. పేర్లు

ఖురానులో ఇతనికి రెండు పేర్లు కలవు. "ఇబ్లీసు" అనునది అతని సొంత పేరు. "షైతాను" అనునది జాతివాచకము వంటిది. దారి తప్పించు జిన్నులకే గాక, అట్టి మనుష్యులకును ఖురాను ఆ మాటను వాడినది. అరబ్బీ నిఘంటుకారులు మొదటి పేరును "ఆశ వదలుకొనుట" అను అర్థము గల ధాతువునుండియు, రెండవ దానిని "దూరమగుట" అను అర్థము గల ధాతువునుండియు సాధించిరి. ఇబ్లీసు అను శబ్దము గ్రీకు భాషనుండి వచ్చినదని ఆధునిక పండితులలో పలువురి అభిప్రాయము. షైతాను అను శబ్దము హెబ్రూ భాషలోని "సాతాను"నకు తోబుట్టువు. అదియే మన తెలుగున "సైతాను" అయినది.

2. ఖురానులోని కథ

ఖురానులోని 114 అధ్యాయములలో ఏడింట, అనగా 2, 7, 15, 17, 18, 20, 38 అధ్యాయములలో, ఈ కథ కానవచ్చును. దేవుడు మట్టితో ఆదిమానవుడైన ఆదమును సృజించి, అతనిలో ప్రాణము నూది, అతనికి సాగిలపడుడని దేవదూతలనాజ్ఞాపించెను. అందరును సాగిలపడిరి. ఇబ్లీసు మాత్రము నిలిచియుండెను. కారణమడుగగా, తాను అగ్నినుండియు ఆదము మట్టినుండియు పుట్టినందున తానే యధికుడనని బదులు చెప్పెను. దేవుడు వానిని వెడలగొట్టెను. వాడు ప్రళయదినము వరకు గడువు వేడుకొని, ఆదము సంతతిని దారి తప్పించెదనని ప్రతినపట్టెను. గడువు దొరకెను.

ఇబ్లీసు దేవదూతయా, జిన్నా అను విషయమున వ్యాఖ్యాతలలో భేదాభిప్రాయములు కలవు. ఆజ్ఞ దేవదూతలకు గదా, అతడును వారిలో నొకడై యుండవలెనని కొందరనిరి. 18వ అధ్యాయమున అతడు జిన్నులలోని వాడని స్పష్టముగా నున్నదని మరికొందరు చూపిరి. సంప్రదాయము ననుసరించి దేవదూతలు కాంతినుండియు, జిన్నులు అగ్నినుండియు, మానవులు మట్టినుండియు పుట్టినవారు. దేవదూతలు ఆజ్ఞ మీరజాలరు. జిన్నులకును మానవులకును ఎంచుకొను స్వేచ్ఛ కలదు. కాబట్టి ఇబ్లీసు చేసినది తెలిసి చేసిన తప్పు.

ఇచ్చట గమనింపదగిన దేమనగా, ఇబ్లీసు నాస్తికుడు కాడు. దేవుడున్నాడని వానికి తెలియును, దేవునితోనే మాటలాడెను. వాని పాపము అవిశ్వాసము కంటె ముందు అహంకారము. పుట్టుకను చూపి "నేను మేలు" అనుటయే వాని తప్పు. ఆ మాట నేడును లోకమున ఎన్ని నోళ్లనుండి వెలువడుచున్నదో మనమెరుగుదుము.

3. వాని బలమెంత?

లోకమును ఇద్దరు దేవతలు, మంచివాడొకడు, చెడ్డవాడొకడు, పంచుకొని యేలుచున్నారను భావన ఇస్లామునకు సరిపడదు. దేవుడొక్కడే. సైతాను ఆయన సృజించిన ప్రాణియే గాని ఆయనకు సాటియైన పగవాడు కాడు. మనుష్యులను బలవంతపెట్టు అధికారము వానికి లేదు. చెవిలో గుసగుసలాడుట యొక్కటే వాని పని. దానిని "వస్‌వసా" యందురు. ఖురాను చివరి అధ్యాయము ఈ గుసగుసనుండి శరణువేడు ప్రార్థనయే.

14వ అధ్యాయమున తీర్పుదినము నాటి దృశ్యమొకటి కలదు. పాపులు తన్ను నిందింపగా సైతాను తప్పించుకొనును: తాను పిలిచెనే గాని లాగలేదనియు, వారే పలికి వచ్చిరనియు, నిందింపదలచిన తమ్ముతామే నిందించుకొనవలెననియు చెప్పును. మోసగాని నోటనే మోసపోయినవాని బాధ్యతను చెప్పించుట ఎంత నిష్ఠురమైన న్యాయము!

హజ్జు యాత్రలో మినా అనుచోట యాత్రికులు మూడు తావుల గులకరాళ్లు విసరుదురు. కుమారుని బలియీయబోవుచున్న ఇబ్రాహీము ప్రవక్తకు సైతాను అడ్డుపడగా ఆయన రాళ్లు రువ్వెనను కథకు ఇది స్మారకము. పూర్వమచ్చట స్తంభములుండెడివి, 2004లో యాత్రికుల క్షేమమునకై వాని స్థానమున పొడవైన గోడలు కట్టిరి.

4. హృదయమను కోట

ఈ గుసగుస ఏ దారిని లోనికి వచ్చునో విచారించినవారిలో ఇమాము గజాలీ (1058–1111) ముఖ్యుడు. ఇతడు ఇరానులోని తూసు నగరమున జన్మించి, బాగ్దాదులో ప్రధానాచార్యుడై, 1095లో ఆ పదవిని విడిచి సూఫీ మార్గము పట్టినవాడు. "ఇహ్యా ఉలూముద్దీన్" అను ఆయన మహాగ్రంథమున 40 భాగములు కలవు. అందు 21వ భాగము హృదయమును గూర్చినది.

హృదయము కోటవంటిదనియు, సైతాను దానిని పట్టుకొన జూచు శత్రువనియు, ద్వారము లెరుగనివాడు కోటను కాపాడలేడనియు గజాలీ వ్రాసెను. ఆ ద్వారములను లెక్కించెను: కోపము, కామము, అసూయ, పేరాస, మితిమీరిన తిండి, ఆడంబరము, తొందరపాటు, పేదరికము వచ్చునను భయముచే కలుగు పిసినారితనము, ఇతరులను చెడ్డగా అనుమానించుట. వీనితో బాటు తన పక్షమునందలి మూఢాభిమానమును, ఎదుటి పక్షమువారిపై ద్వేషమును చేర్చెను. మతము పేరిట కలహించువారు తాము దేవుని సేవ చేయుచున్నామని భ్రమపడుదురనియు, ఆ ద్వారమున సైతాను సులువుగా ప్రవేశించుననియు ఆయన హెచ్చరిక.

ఆయన చెప్పిన ఉపమానమొకటి పిల్లలకు బాగుగ నచ్చును. ఆకలిగొన్న కుక్క మన యొద్దకు వచ్చినది. మన ముందు ఆహారమేమియు లేనిచో ఒక్క అదలింపునకే పోవును. మాంసము పెట్టుకొని కూర్చున్నచో ఎంత అరచినను కదలదు. అట్లే హృదయమున కోపమును అసూయను మేపుచు, నోట మాత్రము శరణువాక్యము పలికినంతనే సైతాను తొలగిపోడు.

5. సూఫీలలో ఒక సాహసోక్తి

సూఫీలలో కొందరు ఇబ్లీసు కథను వేరొక విధముగ చదివిరి. బాగ్దాదులో 922లో మరణదండన పొందిన హల్లాజు తన "తవాసీను" అను గ్రంథమున, దేవునికి తప్ప అన్యులకు తలవంపనను ఏకాగ్రభక్తిచే ఇబ్లీసు నిలిచెనను వాదమును వాని నోటనే పలికించెను. గజాలీ తమ్ముడగు అహ్మదు గజాలీయు, ఆయన శిష్యుడై 1131లో ఉరితీయబడిన హమదాను వాసి ఐనుల్ ఖుజాతును ఈ దారిని ఇంకను ముందుకు నడచిరి. వారి దృష్టిలో ఇబ్లీసు ప్రియుని చేత త్రోసివేయబడి, ఆ శాపమునే ప్రియుని కానుకగా దాచుకొన్న విరహి.

ఈ గ్రంథచర్చ మనకు దూరదేశముల విషయమే కాదు. కలబురగిలోని దర్గాలో నిద్రించుచున్న ఖ్వాజా బందేనవాజు (మరణము 1422) ఐనుల్ ఖుజాతు రచించిన "తమ్హీదాతు"నకు వ్యాఖ్య వ్రాసెను. ఆ దర్గా ఉరుసునకు పోవు మన తెలుగువారు, హిందువులును ముస్లిములును, ఆ మహనీయుడు ఇట్టి కఠినవిషయమును గూర్చి శ్రమించెనని తెలిసికొనుట మంచిది.

అయితే ఈ పఠనమును అందరు సూఫీలును అంగీకరింపలేదు. లాహోరున సమాధియైన హుజ్వీరీ, పారసీక భాషలో సూఫీ మార్గమును గూర్చి వ్రాసిన తొలి గ్రంథములలో ఒకటియైన తన గ్రంథమున, ఒక కథ చెప్పెను. బాగ్దాదు గురువు జునైదునకు (మరణము 910) ఇబ్లీసును చూడవలెనను కోరిక కలిగెను. ఒకనాడు మసీదు వాకిట వృద్ధుని రూపమున వాడు కనబడెను. ఆదమునకు ఏల సాగిలపడలేదని జునైదు అడిగెను. దేవునికి గాక అన్యునికెట్లు మ్రొక్కుదునని వాడనెను. ఆ జవాబునకు జునైదు విస్తుపోయెను. అంతలో ఆయన హృదయమున ఒక వాణి వినబడెను: వీడు అబద్ధమాడుచున్నాడు, నిజముగ దాసుడైనచో యజమాని ఆజ్ఞను మీరియుండడు. అది గ్రహించినంతనే ఇబ్లీసు కేకవేసి మాయమయ్యెను. భక్తి పేరు చెప్పుకొని విధేయతను తప్పించుకొన్నచో అది భక్తి కాదని ఈ కథకు సారము.

6. రూమీ చెప్పిన రెండు సంగతులు

జలాలుద్దీను రూమీ (1207–1273) తన "మస్నవీ"లో ఈ విచారమును అందరికిని అందునట్లు చెప్పెను. ఇబ్లీసు ఆదములోని మట్టినే చూచెను గాని, ఆ మట్టిలో దేవుడూదిన దానిని చూడలేదు. అనగా ఒంటికంటితో చూచెను. ఇది మొదటి సంగతి.

రెండవది తప్పునొప్పుకొనుటను గూర్చినది. ఆదమును తప్పు చేసెను. ఖురానులో తప్పు స్త్రీదే అని చెప్పలేదు. భార్యాభర్తలిద్దరును మోసపోయి, తమకు తామే అన్యాయము చేసికొంటిమని ఒక్క నోటితో క్షమాపణ వేడిరి. ఇబ్లీసు మాత్రము, నీవే నన్ను దారి తప్పించితివని దేవునిపై నెపము మోపెను. ఇద్దరికిని భేదమిదియే. ఒకడు "నాది" అనెను, ఒకడు "నీది" అనెను.

"మస్నవీ" రెండవ సంపుటమున ఒక చమత్కారమైన కథ కలదు. ఖలీఫా ముఆవియా నిద్రించుచుండగా ఇబ్లీసు వచ్చి, నమాజు వేళ మించిపోవుచున్నదని మేల్కొలిపెను. దొంగ వచ్చి ఇల్లు కాతునన్నచో ఎవరు నమ్ముదురు? ఖలీఫా వానిని విడువక నిలదీసెను. తుదకు వాడు నిజము చెప్పెను: నమాజు తప్పినచో ఖలీఫా పశ్చాత్తాపముతో విడుచు ఒక్క నిట్టూర్పు ఎన్నో నమాజులకంటె దేవునికి దగ్గరగునట, ఆ లాభము దక్కకుండుటకే వాడు మేల్కొలిపెనట! మంచిపని సైతము చెడు తలంపున చేయవచ్చునని ఈ కథ బోధించును.

రాయలసీమ వైపు దస్తగిరి యను పేరు హిందువులలోను ముస్లిములలోను వినబడును. ఆ బిరుదు బాగ్దాదు గురువగు అబ్దుల్ ఖాదిరు జీలానీది (మరణము 1166). ఆయనను గూర్చి చెప్పుకొను కథ యిది. ఒక మహాకాంతి ఆయనకు కనబడి, తానే ప్రభువుననియు, నిషిద్ధములన్నియు ఆయనకు అనుమతించితిననియు పలికెను. ఆయన దానిని సైతానుగా గుర్తించి అదలించెను. కాంతి చీకటియయ్యెను. అప్పుడు వాడు, నీ విద్య నిన్ను కాపాడినదని పొగడెను. విద్య కాదు, దేవుని దయ అని ఆయన బదులు చెప్పెను. పొగడ్తయే వాని చివరి వల యన్నమాట!

7. తల్లిదండ్రులకు మనవి

ముప్పది యేండ్ల ఉపాధ్యాయవృత్తిలో, తప్పు చేసిన పిల్లల నోట నేను ఎక్కువగా విన్న జవాబు "వాడు చెయ్యమన్నాడు మాష్టారూ" అనునదే. ఇండ్లలో పెద్దలమును అట్లే అనుచుందుము. పిలిచినవాడెవ్వడైనను పోయిన కాళ్లు మనవే యని ఈ సంప్రదాయము గట్టిగ చెప్పుచున్నది. తప్పు నొప్పుకొన్న బిడ్డను ఇంట కొట్టినచో, వాడు మరునాడు నెపమును ఇతరులపై త్రోయ నేర్చును. ఒప్పుకొన్నందులకు ముందు మెచ్చుకొని, పిదప తప్పును సరిదిద్దవలయును.

ఇంకొక మాట. తరతరములుగా ఇతర భాషల నడుమ స్థిరపడి, తెలుగును నిలుపుకొనుటకు మనము పాటుపడుచున్నాము. అది న్యాయమైన అభిమానము. మన భాష మాకు ప్రియమని పిల్లలకు నేర్పుదము. కాని పుట్టుకచే మేమే అధికులమను మాట వారి నోట వచ్చిన నాడు, అది తెలుగు మాట కాదు, ఇబ్లీసు మాట. గజాలీ చూపిన ద్వారములలో పక్షాభిమానమును ఒకటని మరువరాదు.

ఆ బాలురిద్దరికిని నేను ఆదము కథను, ఇబ్లీసు కథను చెప్పితిని. తిట్టిన బాలుడు కొంతసేపూరకుండి, "అయితే నేను వాణ్ణి ఆ మాట అన్నప్పుడు, ఆ మాట నాకే తగిలిందన్నమాట" అనెను. అంతకంటె బాగుగ నేను చెప్పజాలను.