పాత కంప్యూటరునకు క్రొత్త తూము

మన యిండ్లయందును, పాఠశాలలయందును పది పండ్రెండేండ్ల నాటి డెస్క్‌టాప్ కంప్యూటర్లు ఇంకను పనిచేయుచున్నవి. పాఠములు టైపు చేయుటకు, మార్కుల పట్టికలు వేయుటకు అవి చాలును. కాని పెద్ద ఫైళ్లను బయటి డిస్కులోనికి కాపీ చేయబూనినపుడు మాత్రము గంటల కొలది కాలము పట్టును. విసిగినవాడు “రేపు చేసికొందము” అని లేచిపోవును. ఆ రేపు రాకమునుపే లోపలి డిస్కు చెడిపోవచ్చును.

మనకిది చిన్న విషయము కాదు. ఇంట తెలుగును, వీథిలో తమిళమును మాటలాడు మన యూళ్లలో అవ్వలు పాడు పాటలు, పెద్దలు చెప్పు కథలు, పాఠశాల పాత సంచికల పుటలు – వీనిలో అనేకము ఎచ్చటను అచ్చుపడలేదు. ఎవరైన శ్రద్ధతో రికార్డు చేసి యుంచినను, అవి ఒక్క కంప్యూటరులోనే యుండును. రెండవ ప్రతి లేని సొత్తు గాలిలో పెట్టిన దీపము వంటిది. ఆ రెండవ ప్రతిని త్వరగా తీయుటకు పాత యంత్రమునకు వేగము గల యు.ఎస్.బి. కార్డును చేర్చు విధమును, చేర్చుటకు ముందు వేయవలసిన లెక్కను ఈ పాఠమున నేర్చుకొందము.

కార్డు, స్లాట్

కంప్యూటరు పెట్టెలో భాగములన్నిటిని కలుపు పెద్ద పలకకు మదర్‌బోర్డు అని పేరు. దానిపై పొడవైన గాడులు కొన్ని కనబడును. వానినే స్లాట్లు అందురు. యంత్రమునకు పుట్టుకతో లేని శక్తిని తరువాత చేర్చుటకై ఈ స్లాట్లలో గ్రుచ్చు చిన్న పలకయే విస్తరణ కార్డు. 1981లో ఐ.బి.ఎం. సంస్థ వెలువరించిన పర్సనల్ కంప్యూటరులోనే ఇట్టి స్లాట్లు ఐదు ఉండెను. వాని నిర్మాణ వివరములను ఆ సంస్థ ప్రకటించుటచే ఇతరులును కార్డులను తయారుచేయగలిగిరి.

1992లో పి.సి.ఐ. అను స్లాట్ వచ్చెను. దాని సాధారణ రూపమున సెకనునకు 133 మెగాబైట్ల వరకు సమాచారము పారును. అయితే ఆ పారుదలను దానిపైనున్న కార్డులన్నియు పంచుకొనవలెను. ఒకే కాలువ క్రిందనున్న రైతులు వంతులు వేసికొని నీరు పెట్టుకొనుట వంటిది ఈ యేర్పాటు.

2003లో పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్ అను క్రొత్త విధానము వెలువడెను. ఇందు ప్రతి స్లాట్‌నకు తనదైన బాట కలదు. పోవుటకు ఒక తీగల జత, వచ్చుటకు ఒక తీగల జత కలిసి ఒక బాట యగును. ఒక బాట గల స్లాట్‌ను ఎక్స్1 అనియు, పదునారు బాటలు గలదానిని ఎక్స్16 అనియు పిలుతురు. మొదటిది సుమారు 25 మిల్లీమీటర్ల పొడవు, రెండవది సుమారు 89 మిల్లీమీటర్ల పొడవు ఉండును. మొదటి తరమున ఒక్కొక్క బాటలో ఒక దిక్కునకు సెకనునకు 250 మెగాబైట్లు పారును. 2007లో వచ్చిన రెండవ తరమున అది 500 అయ్యెను. 2010 నాటి మూడవ తరమున సుమారు 985 అయ్యెను. ఇవి గరిష్ఠములు, వాడుకలో లభించునది కొంత తక్కువ.

తూము లెక్క

చెఱువు ఎంత నిండియున్నను, తూము ఎంత యిచ్చునో పారుదల అంతే. తూము వెడల్పు చేసినను, పిల్లకాలువ ఇరుకైనచో పొలమునకు చేరు నీరు పెరుగదు. కంప్యూటరునకును ఇదే న్యాయము. కాపీ చేయునపుడు సమాచారము ఐదింటిని దాటవలెను: లోపలి డిస్కు, స్లాట్, కార్డు, కేబుల్, బయటి డిస్కు. వీనిలో ఏది మిక్కిలి ఇరుకో, దాని వేగమే మొత్తము పని యొక్క వేగము.

ఇపుడు లెక్క చూడుడు. 2000లో వచ్చిన యు.ఎస్.బి. 2.0 వేగము సెకనునకు 480 మెగాబిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు గనుక, ఇది 60 మెగాబైట్లు. వాడుకలో 30 మొదలు 40 వరకే లభించును. 2008లో వచ్చిన యు.ఎస్.బి. 3.0 వేగము 5 గిగాబిట్లు. ఇందు ప్రతి ఎనిమిది బిట్లను పది బిట్లుగా మార్చి పంపుదురు గనుక, 500 మెగాబైట్లు దాని గరిష్ఠ పరిమితి.

ఒక పాఠశాలలో 300 గిగాబైట్ల పాటలు, చిత్రములు, పుటలు కలవనుకొనుడు. అనగా 3,00,000 మెగాబైట్లు. సెకనునకు 30 చొప్పున పాత పోర్టు ద్వారా పంపినచో 10,000 సెకనులు, అనగా 2 గంటల 46 నిమిషముల 40 సెకనులు పట్టును. క్రొత్త కార్డు వేసి, లోపలి డిస్కును, బయటి డిస్కును 120 చొప్పున పనిచేసినచో 2,500 సెకనులు, అనగా 41 నిమిషముల 40 సెకనులు చాలును. ఒక పూట పని 45 నిమిషముల పీరియడ్‌లో ముగిసినది. రేపటికి వాయిదా వేయుటకు ఇక కారణము లేదు.

ఇంకను వేగము కావలెనని ఒకడు సెకనునకు 400 మెగాబైట్లు వ్రాయగల ఖరీదైన బయటి డిస్కును కొనెననుకొనుడు. కాలము ఎంత తగ్గును? ఒక్క సెకను కూడ తగ్గదు. ఏలయన లోపలి డిస్కు 120 కంటె ఎక్కువ ఈయజాలదు. కావున తలిదండ్రులు సొమ్ము ఖర్చు పెట్టుటకు ముందు ఇరుకు ఎచ్చట నున్నదో చూడవలెను. కంప్యూటరు తెరచుకొనుటయే ఆలస్యమగుచున్నచో ఈ కార్డు దానికి మందు కాదు. ఆ ఇరుకు లోపలి డిస్కులోనో, మెమరీలోనో ఉండును.

కొనుటకు ముందు

మొదట పెట్టె తెరచి ఖాళీ స్లాట్ కలదేమో చూడవలెను. పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్ కార్డు పాత పి.సి.ఐ. స్లాట్‌లో పట్టదు, రెండింటి గాడి నొక్కులు వేరు. ఎక్స్1 కార్డు ఎక్స్4, ఎక్స్16 స్లాట్లలో కూడ పనిచేయును. పెట్టె సన్ననిదైనచో పొట్టి లోహపు పట్టీ గల కార్డు కావలెను. సాధారణ పట్టీ సుమారు 120 మిల్లీమీటర్లు, పొట్టిది సుమారు 79 మిల్లీమీటర్లు ఉండును.

విద్యుత్తును కూడ లెక్కింపవలెను. యు.ఎస్.బి. 3.0 పోర్టు ఒక్కొక్కటి 4.5 వాట్ల వరకు ఈయవలసి యుండును. నాలుగు పోర్టులకు 18 వాట్లు. ఎక్స్1 కార్డునకు స్లాట్ నుండి మొదట లభించునది 10 వాట్లే. అందువలననే పలు కార్డులపై పవర్ సప్లై నుండి తీగ తగిలించుటకు వేరొక సాకెట్ ఉండును. అట్టి సాకెట్ ఉన్నచో దానిని ఖాళీగా విడువరాదు.

అమర్చు విధము

ఈ పనిని పెద్దల సమక్షముననే చేయుడు.

1. ముఖ్యమైన ఫైళ్లకు ముందుగా ఒక ప్రతి తీయుడు. ఆలస్యమైనను పాత పోర్టు ద్వారానే తీయుడు.

2. కంప్యూటరును ఆపి, గోడ ప్లగ్గునుండి తీగను ఊడదీయుడు. పిమ్మట పవర్ బటన్‌ను కొన్ని సెకనులు నొక్కి, మిగిలిన విద్యుత్తును పోనిండు. పవర్ సప్లై పెట్టెను మాత్రము ఎన్నడును విప్పరాదు. దానిలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచియుండవచ్చును.

3. పెట్టెలోని రంగు వేయని లోహభాగమును చేతితో తాకుడు. మన దేహమున చేరు స్థిర విద్యుత్తు సుమారు 3,000 వోల్టులు దాటినగాని మనకు చురుక్కుమనదు. అంతకంటె తక్కువతోనే సూక్ష్మ భాగములు చెడవచ్చును.

4. స్లాట్ ఎదుటనున్న లోహపు మూతను తీయుడు. కార్డును అంచులయందే పట్టి, నిటారుగా నిలిపి, ఇరుప్రక్కల సమానముగా నొక్కుడు. బంగారు రంగు అంచు స్లాట్‌లో పూర్తిగా దిగవలెను. వంకరగా ఊపి దింపరాదు.

5. స్క్రూ బిగించి, పవర్ తీగ తగిలించి, పెట్టె మూసి, కంప్యూటరును నడుపుడు.

విండోస్ 8 మొదలు ఈ కార్డులకు వలయు డ్రైవరు విండోస్‌లోనే కలదు. విండోస్ 7 అయినచో వేరుగా ఎక్కింపవలెను. లినక్స్ 2009 నుండియే యు.ఎస్.బి. 3.0ను గుర్తించుచున్నది. కార్డు కనబడినదో లేదో విండోస్‌లో డివైస్ మేనేజర్‌లో చూడవచ్చును. కనబడనిచో తొందరపడి కార్డు చెడినదనకుడు. మరల ఆపి, ప్లగ్గు తీసి, కార్డు పూర్తిగా దిగినదా, పవర్ తీగ తగిలినదా యని పరీక్షింపుడు. కార్డు కనబడియు వేగము పెరుగనిచో కేబుల్‌ను చూడుడు. పాత 2.0 కేబుల్ వాడినచో వేగము మరల 480 మెగాబిట్లకే పడిపోవును.

విద్యార్థులారా! కార్డు పెట్టెమీది మాటలు ఆంగ్లములో ఉండును. అంగడివాడు తమిళములో చెప్పును. అయినను చెఱువు, తూము, పిల్లకాలువ మనకు చిన్ననాటినుండి తెలిసినవే. తెలిసిన మాటతో తెలియని యంత్రమును అర్థము చేసికొన్నవాడు ఏ భాషలోనైనను దానిని గూర్చి ప్రశ్నింపగలడు. కార్డు అమరిన నాడే మొదటి పనిగా అవ్వల పాటలకు రెండవ ప్రతి తీసి, ఆ డిస్కును వేరొక యింట భద్రపరుపుడు.

అభ్యాసము

1. పి.సి.ఐ.కిని పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్‌కును గల ముఖ్య భేదమేమి?

2. 90 గిగాబైట్లను సెకనునకు 30 మెగాబైట్ల చొప్పునను, 120 చొప్పునను కాపీ చేయుటకు ఎంతెంత కాలము పట్టును?

3. లోపలి డిస్కు 120, స్లాట్ 250, బయటి డిస్కు 400 మెగాబైట్ల వేగము గలవి. దేనిని మార్చినచో ప్రయోజనము కలుగును? మార్చిన పిమ్మట ఇరుకు ఎచ్చటికి మారును?

4. మీ యింట రెండవ ప్రతి లేని పాటలు, చిత్రములు, వ్రాతలు ఏవి కలవో పెద్దలనడిగి పట్టిక వ్రాయుడు.