పీసీఓఎస్ నిర్వహణకు అల్ప గ్లైసీమిక్ ఆహారాల ఎంపిక: రకం, మర, వంట, పరిమాణం

సారాంశం

పునరుత్పత్తి వయసులోని స్త్రీలలో తరచుగా కనిపించే పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్‌లో ఇన్సులిన్ నిరోధకత ముఖ్య పాత్ర వహిస్తుంది. అందుచేత రక్తంలో గ్లూకోజును నెమ్మదిగా పెంచే ఆహారాలను సూచించడం పరిపాటి అయింది. అయితే విస్తరణ కార్యక్రమాలలో ఈ సలహా తరచుగా పంట పేరుతోనే ఆగిపోతున్నది. ఒకే పంట నుండి తయారైన ఆహారం, దాని రకాన్ని, మర పట్టిన తీరును, వండిన విధానాన్ని, వడ్డించిన పరిమాణాన్ని బట్టి శరీరంలో వేర్వేరుగా ప్రవర్తిస్తుంది. మన సలహా ఈ నాలుగింటినీ కలుపుకొని ఉండవలసిన అవసరాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: పీసీఓఎస్, గ్లైసీమిక్ సూచి, గ్లైసీమిక్ భారం, చిరుధాన్యాలు, పప్పుధాన్యాలు, విస్తరణ

ఉపోద్ఘాతం

కొంతకాలం క్రితం ఒక గ్రామంలో చిరుధాన్యాల సాగుపై రైతు సదస్సు ముగిసిన తరువాత ఒక తల్లి నన్ను పక్కకు పిలిచి ఒక ప్రశ్న అడిగింది. కళాశాలలో చదువుతున్న ఆమె కుమార్తెకు పీసీఓఎస్ ఉన్నదని వైద్యులు చెప్పారు. "మీరు చెప్పినట్లే అన్నం మాన్పించి ఆరు నెలలుగా చిరుధాన్యాలే పెడుతున్నామండీ, ఏమీ తేడా లేదేమి?" అన్నది ఆమె ప్రశ్న. ఏమి పెడుతున్నారని అడిగితే, ఉదయం బెల్లం వేసిన రాగి జావ, మధ్యాహ్నం తెల్లగా పాలిష్ పట్టిన కొర్ర బియ్యంతో కంచం నిండుగా అన్నం, సాయంత్రం బజారులో కొన్న చిరుధాన్యాల బిస్కట్లు అని చెప్పింది. పప్పు వారానికి రెండు సార్లు మాత్రమే. ఆ కుటుంబం మా సలహాను శ్రద్ధగానే పాటించింది. లోపం సలహాలో ఉన్నది. మేము పంట పేరు చెప్పి ఊరుకున్నాము.

పంటను పండించే వరకే మన బాధ్యత అని భావించే వ్యవసాయ శాస్త్రజ్ఞులకు ఆ ప్రశ్న ఒక పాఠం. గింజ పొలం దాటిన తరువాత ఏమవుతున్నదో తెలియకుండా దాని ఆరోగ్య విలువను గురించి చెప్పడం సరికాదు.

పీసీఓఎస్ – ఇన్సులిన్ సంబంధం

ఈ రుగ్మతను 1935లో స్టెయిన్, లెవెంథాల్ అనే అమెరికన్ వైద్యులు వర్ణించారు. 2003 నాటి రాటర్‌డామ్ ప్రమాణాల ప్రకారం, రుతుక్రమం తప్పడం లేదా అండం విడుదల సక్రమంగా లేకపోవడం, పురుష హార్మోన్ల ఆధిక్యం, స్కానింగులో అండాశయాల ప్రత్యేక స్వరూపం అనే మూడింటిలో ఏ రెండు ఉన్నా, ఇతర కారణాలు లేవని తేల్చుకొని, దీనిని నిర్ధారిస్తారు. పునరుత్పత్తి వయసు స్త్రీలలో 8 నుండి 13 శాతం మందికి ఈ స్థితి ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో అంచనా వేసింది.

కణాలు ఇన్సులిన్‌కు సరిగా స్పందించనప్పుడు క్లోమం మరింత ఇన్సులిన్‌ను విడుదల చేస్తుంది. ఈ అధిక ఇన్సులిన్ అండాశయంలోని థీకా కణాలను ప్రేరేపించి పురుష హార్మోన్ల ఉత్పత్తిని పెంచుతుంది. కాలేయంలో, ఆ హార్మోన్లను బంధించి ఉంచే ప్రొటీన్ తయారీని తగ్గిస్తుంది. ఫలితంగా రక్తంలో స్వేచ్ఛగా తిరిగే పురుష హార్మోను పెరిగి, అండం విడుదలకు ఆటంకం, అవాంఛిత రోమాలు, మొటిమలు కలుగుతాయి. భోజనానంతర గ్లూకోజు ఉధృతిని తగ్గిస్తే ఇన్సులిన్ అవసరం తగ్గుతుందన్నది అల్ప గ్లైసీమిక్ ఆహారాల వెనుకనున్న తర్కం.

ఈ తర్కానికి కొంత ఆధారం ఉన్నది. 2010లో ప్రచురితమైన ఒక ఆస్ట్రేలియా అధ్యయనంలో, అధిక బరువుగల 96 మంది పీసీఓఎస్ స్త్రీలను రెండు ఆహార పద్ధతుల్లో ఉంచారు. ఇరు వర్గాలలోను బరువు తగ్గుదల ఇంచుమించు సమానమే అయినా, రుతుక్రమం మెరుగుపడినవారు అల్ప గ్లైసీమిక్ వర్గంలో 95 శాతం, సాధారణ ఆరోగ్యకర ఆహార వర్గంలో 63 శాతం. అయితే చివరి వరకు కొనసాగినవారు సుమారు సగం మందే. 2023 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు ఏ ఒక్క ఆహార పద్ధతీ మిగిలినవాటికంటె మేలైనదని చెప్పడానికి ఆధారం చాలదని పేర్కొన్నాయి. కాబట్టి అల్ప గ్లైసీమిక్ ఆహారం చికిత్సకు తోడ్పాటు మాత్రమే. దానిని నివారణోపాయంగా ప్రచారం చేయరాదు.

సూచి వేరు, భారం వేరు

గ్లైసీమిక్ సూచి భావనను 1981లో టొరాంటోలో డేవిడ్ జెంకిన్స్ బృందం ప్రవేశపెట్టింది. 50 గ్రాముల జీర్ణయోగ్య పిండిపదార్థం గల ఆహారం ఇచ్చి రెండు గంటలపాటు రక్తంలో గ్లూకోజును కొలుస్తారు. అంతే గ్లూకోజు ఇచ్చినప్పటి స్పందనను 100గా తీసుకొని పోలుస్తారు. 55 లేదా అంతకు లోపు ఉంటే అల్పం, 56 నుండి 69 మధ్యమం, 70 లేదా అంతకు మించితే అధికం.

ఈ సూచి పిండిపదార్థపు గుణాన్ని చెబుతుంది గాని, మనం తిన్న పరిమాణాన్ని చెప్పదు. అందుకోసం గ్లైసీమిక్ భారం లెక్కిస్తారు. సూచిని తిన్న పిండిపదార్థపు గ్రాములతో గుణించి 100తో భాగించాలి. ఈ లెక్కకు కావలసిన విలువలు హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన పట్టికలలో లభిస్తాయి.

పట్టిక: 100 గ్రాముల వండని దినుసులో పోషకాలు (గ్రాములలో)

| దినుసు | పిండిపదార్థం | మాంసకృత్తులు | పీచు |
|---|---|---|---|
| మర పట్టిన బియ్యం | 78.2 | 7.9 | 2.8 |
| జొన్నలు | 67.7 | 10.0 | 10.2 |
| రాగులు | 66.8 | 7.2 | 11.2 |
| సజ్జలు | 61.8 | 11.0 | 11.5 |
| కందిపప్పు | 55.2 | 21.7 | 9.1 |
| శనగపప్పు | 46.7 | 21.6 | 15.2 |
| పెసలు | 46.1 | 22.5 | 17.0 |

ఇప్పుడు మూడు కంచాలను పోల్చి చూద్దాం. మొదటి కంచంలో సూచి 70 గల సాధారణ బియ్యం 150 గ్రాములు వండి వడ్డించారనుకొందాం. అందులో పిండిపదార్థం 117 గ్రాములు, భారం 82. రెండవ కంచంలో అంతే పరిమాణంలో సూచి 51 గల బియ్యం. భారం 60. మూడవ కంచంలో సాధారణ బియ్యమే, కాని 75 గ్రాములు. దానితో 40 గ్రాముల శనగపప్పు. పప్పు సూచిని 35గా తీసుకొన్నా మొత్తం భారం 48 దాటదు. అంటే ప్రత్యేక రకం బియ్యంతో నిండిన కంచంకంటె, సాధారణ బియ్యాన్ని సగానికి తగ్గించి పప్పు చేర్చిన కంచం భారం తక్కువ. పైగా మొదటి కంచంలో మాంసకృత్తులు సుమారు 12 గ్రాములు, పీచు 4 గ్రాములు ఉండగా, మూడవదానిలో అవి వరుసగా 14.5, 8 గ్రాములు. మూడవ కంచంలో సూచి 51 గల బియ్యాన్నే వాడితే భారం 36కు దిగుతుంది. భారాలను ఇలా కూడడం ఉజ్జాయింపే అయినా, దిశను తెలుసుకొనడానికి చాలు.

పట్టికలో గమనించవలసిన మరొక అంశం రాగులది. పీచులోను కాల్షియంలోను బియ్యంకంటె రాగి మేలు. కాని పిండిపదార్థం బియ్యంకంటె 11 గ్రాములే తక్కువ. మాంసకృత్తులు బియ్యంకంటె ఎక్కువ కావు.

పొలం నుండి కంచం వరకు

రకం: 2012లో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ప్రకటించిన అధ్యయనంలో 235 వరి రకాల సూచి 48 నుండి 92 వరకు వ్యాపించి ఉన్నట్లు తేలింది. సగటు 64. అల్ప సూచి గలవాటిలో మారుటేరు పరిశోధనా స్థానం రూపొందించిన స్వర్ణ, అనగా ఎం.టి.యు. 7029, ఒకటి. రాజేంద్రనగర్‌లో రూపొందిన తెలంగాణ సోన, అనగా ఆర్.ఎన్.ఆర్. 15048, సూచి సుమారు 51గా నమోదయింది. బాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకొనేందుకు రూపొందించిన మెరుగైన సాంబ మసూరి విషయంలోను దాదాపు ఇదే విలువ వచ్చింది. తెగులు కోసం చేసిన ప్రజననం నుండి ఆహార గుణంగల రకం లభించడం విశేషం. పిండిలో అమైలోజ్ శాతం ఎక్కువైతే సూచి తగ్గడం సామాన్య ధోరణి. కాని అదొక్కటే నిర్ణాయకం కాదు. గింజ నిర్మాణం, ఉడికే ఉష్ణోగ్రత కూడా పనిచేస్తాయి.

మర: తవుడు పొర పోయిన కొద్దీ పీచు తగ్గి, ఎంజైములకు పిండి సులభంగా అందుతుంది. కొర్ర, సామ, అరిక, ఊద, అండుకొర్రల పై పొట్టు తీయక తప్పదు. తవుడు పొరను మాత్రం తీయనవసరం లేదు. తెల్లగా మెరిసే చిరుధాన్యపు బియ్యానికి ఎక్కువ ధర పలకడం మన సలహాకు ప్రతికూలంగా పనిచేస్తున్నది. మెత్తని పిండికంటె రవ్వ, రవ్వకంటె పూర్తి గింజ నెమ్మదిగా జీర్ణమవుతాయి. ఉప్పుడు బియ్యం సూచి సాధారణంగా పచ్చి బియ్యంకంటె తక్కువ. అటుకులు, బొరుగులు వేగంగా జీర్ణమవుతాయి.

వంట: నీటిలో ఎక్కువసేపు ఉడికిన పిండి పూర్తిగా జిగురుగా మారి త్వరగా గ్లూకోజుగా విడిపోతుంది. జావ ద్రవరూపంలో ఉండడంచేత జీర్ణాశయాన్ని త్వరగా దాటుతుంది. అదే రాగి గట్టి సంకటిగానో రొట్టెగానో, కూరతో కలిపి నమిలి తిన్నప్పుడు స్పందన మందగిస్తుంది. 2021లో ఇక్రిశాట్ శాస్త్రవేత్తల నేతృత్వంలో వెలువడిన సమీక్షలో చిరుధాన్యాల సగటు సూచి 52.7గా, మర పట్టిన బియ్యం సూచి 71.7గా తేలింది. సగటు ఆశాజనకమే. అయితే ఆ సగటులో వేర్వేరు వంటకాలు కలిసి ఉన్నాయని మరువరాదు.

వండి చల్లార్చిన అన్నంలో కొంత పిండి జీర్ణం కాని రూపానికి మారుతుంది. ఒక అధ్యయనంలో అప్పుడే వండిన అన్నంలో ఇది 100 గ్రాములకు 0.64 గ్రాములు ఉండగా, 24 గంటలు 4 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంచి తిరిగి వేడిచేసినప్పుడు 1.65 గ్రాములకు చేరింది. చద్దన్నానికి ఈ మేలు ఉన్నా అది స్వల్పమే. వేసవిలో అన్నాన్ని రాత్రంతా బయట ఉంచితే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా పెరిగి వాంతులు, విరేచనాలు కలిగే ప్రమాదం ఉన్నది.

కలయిక: పప్పు, గుడ్డు, పెరుగు, కూరలు అన్నంతో చేరినప్పుడు జీర్ణాశయం ఖాళీ కావడం ఆలస్యమవుతుంది. కూర, పప్పు ముందుగా తిని అన్నం తరువాత తిన్నా గ్లూకోజు ఉధృతి తగ్గుతుంది.

దినచర్యలో ఎంపిక

ఉదయం పూట పొట్టు పెసలతో చేసిన పెసరట్టు ఉత్తమమైనది. దానిలో ఉప్మా కూర్చితే ఆ మేలు కొంత పోతుంది. ఇడ్లీ అలవాటైన ఇళ్లలో ఇడ్లీ రవ్వ తగ్గించి మినపపప్పు పెంచవచ్చు. మధ్యాహ్నం అన్నమో జొన్నరొట్టెయో కంచంలో నాలుగవ వంతుకు పరిమితం చేసి, నాలుగవ వంతు గట్టి పప్పు లేదా గుడ్డు, చేప, మిగిలిన సగం చిక్కుడు, గోరుచిక్కుడు, బెండ, ఆకుకూరలకు కేటాయించాలి. పల్చని పప్పుచారు పప్పు లెక్కలోకి రాదు. సాయంత్రం శనగ లేదా అలసంద గుగ్గిళ్లు, ఉలవలు, గుప్పెడు వేరుశనగ బిస్కట్లకంటె మేలు. పండ్లలో జామ, నేరేడు వంటివాటిని పండుగానే తినాలి, రసంగా కాదు. బెల్లం, తేనె కూడా చక్కెరలే. చివరగా, సూచి తక్కువైన ప్రతిదీ ఆరోగ్యకరం కాదు. ఐస్‌క్రీము సూచి దానిలోని కొవ్వు వల్ల తక్కువగానే ఉంటుంది.

విస్తరణ శాస్త్రవేత్తలకు సూచనలు

1. పంట పేరుతోపాటు రకం, మర, వంటకం, కొలత చెప్పాలి. "కొర్రలు తినండి" అనడానికి బదులు "తవుడు తీయని కొర్ర బియ్యం మనిషికి పూటకు ఇంత, దానితో ఇంత పప్పు" అని చెప్పాలి. ఇంట్లో ఉన్న గ్లాసుతోనో గిద్దెతోనో కొలిచి చూపాలి.

2. వరి మాగాణుల్లో మినుము, పెసర, నల్లరేగడి భూముల్లో శనగ పండించే రైతు కుటుంబాలు పంటనంతా అమ్మి, ఇంటికి కొంచెమే మిగుల్చుకొంటున్న సందర్భాలు చూస్తున్నాము. ఏడాదికి సరిపడా పప్పుగింజలను ఇంటి అవసరానికి నిలుపుకొనేట్లు ప్రోత్సహించాలి. నలుగురున్న ఇంట్లో మనిషికి రోజుకు 40 గ్రాముల చొప్పున లెక్కిస్తే అది సుమారు 58 కిలోలు.

3. సన్నగా ఉన్న బాలికలకు, రక్తహీనత ఉన్నవారికి ఆహారం తగ్గించమని చెప్పరాదు. వారికి కావలసింది బియ్యం స్థానంలో పప్పు, గుడ్డు, ఆకుకూరలు. పూట మానడం కాదు. వైద్యులు ఇచ్చిన మందును ఆహారం పేరుతో ఆపమనే అధికారం మనకు లేదు.

4. పెళ్లి సంబంధాల భయంతో ఈ రుగ్మతను దాచుకొనే కుటుంబాలు అనేకం. సభలో ఎవరికి ఉన్నదని అడగరాదు. ఇంటిల్లిపాదికీ మేలు చేసే భోజనంగా ఈ ఆహారాన్ని పరిచయం చేస్తే, ఆ అమ్మాయికి ప్రత్యేక కంచం పెట్టవలసిన అవసరమే రాదు.

5. విద్యార్థులు పరిశోధనాంశంగా స్థానిక వంటకాలనే ఎంచుకొనడం మంచిది. ముడి గింజ సూచికంటె సంకటి, రొట్టె, జావల విలువలు విడివిడిగా తెలియడం క్షేత్రస్థాయిలో ఎక్కువ ఉపయోగం.

ముగింపు

ఆ తల్లికి నేను తరువాత చెప్పిన సమాధానం చిన్నది. జావకు బదులు పెసరట్టు, కొర్ర అన్నం సగం, దానిలో గట్టి పప్పు, బిస్కట్లకు బదులు గుగ్గిళ్లు, రోజూ కొంత నడక, వైద్యుల పర్యవేక్షణ. ఇందులో కొత్త పంట ఒక్కటీ లేదు. అన్నీ ఆమె పొలంలోనో, ఊరి అంగడిలోనో ఉన్నవే. ఎంతో శ్రమతో రూపొందించిన రకాల మేలు చివరి అడుగులో, అనగా మరలోను వంటగదిలోను, చేజారిపోకుండా చూడడం కూడా వ్యవసాయ విస్తరణలో భాగమే. గింజ దిగుబడిని ఎకరాకు లెక్కించే మనం, ఇకపై దానిని కంచానికి కూడా లెక్కించడం నేర్చుకోవాలి.