సయాటికా: బాధ కాలిలో, మూలం నడుములో

మెట్లదారిన కొండ ఎక్కివచ్చే భక్తులలో కొందరికి పిరుదు నుండి పాదం వరకు మెరుపులా నొప్పి పాకుతుంది. ఇదే సయాటికా. సాధారణంగా వెన్నుపూసల మధ్య డిస్కు జారి నాడీమూలాన్ని ఒత్తడమే దీనికి కారణం. చరక సంహితలో దీని పేరు గృధ్రసి, గృధ్రమంటే రాబందు. రోగి నడక ఆ పక్షిని తలపిస్తుందంటారు.

వెన్నును చేతులతో సవరించే కైరోప్రాక్టిక్ పద్ధతిని 1895లో అమెరికాలో డి.డి. పామర్ ఆరంభించాడు. దానితో కొందరికి ఉపశమనం కలుగుతుంది. అయితే చాలామందికి ఈ నొప్పి కొన్ని వారాలలో తనంతట తానే తగ్గుతుందని మరువరాదు. మంచం పట్టడం కన్నా ఓపినంత నడవడం మేలు.

మూత్రం బిగిసినా, మర్మస్థానాల చుట్టూ స్పర్శ నశించినా, పాదం పైకి లేవకున్నా వెన్నును ఎవరిచేతా నొక్కించుకోరాదు. దర్శనం మరొకనాటికి వాయిదా వేసుకునైనా తక్షణమే ఆసుపత్రికి చేరాలి. ఆలస్యమైతే పోయిన పట్టు తిరిగి రాకపోవచ్చు.