వరి ఎరువుల ప్రయోగంపై పరిశోధనా వ్యాస రచన: పట్టిక నుండి సిఫారసు వరకు

పరిశోధనా వ్యాసాన్ని ఉపోద్ఘాతంతో మొదలుపెట్టి వరుసగా రాసుకుపోవడం విద్యార్థులలో తరచుగా కనిపించే అలవాటు. వరిలో నత్రజని మోతాదుల వంటి క్షేత్ర ప్రయోగాలకు ఇందుకు భిన్నమైన క్రమం మేలు. ముందుగా పట్టికలు, తరువాత సామగ్రి-పద్ధతులు, ఆపైన ఫలితాలు-చర్చ, చివరగా ఉపోద్ఘాతం, సారాంశం రాసినట్లయితే పట్టిక చెప్పని మాట వ్యాసంలో చేరే అవకాశం తగ్గుతుంది.

ఉదాహరణకు, హెక్టారుకు 120 కిలోల నత్రజనితో 5,480 కిలోలు, 160 కిలోలతో 5,690 కిలోల ధాన్యం వచ్చినట్లు, 5 శాతం స్థాయిలో క్రిటికల్ డిఫరెన్స్ 310 కిలోలు ఉన్నట్లు భావించవచ్చు. తేడా 210 కిలోలు మాత్రమే కనుక 160 కిలోల మోతాదు మెరుగైనదని చెప్పడానికి ఆధారం లేదు. అయినా ‘160 కిలోలతో అత్యధిక దిగుబడి నమోదైంది’ అనే వాక్యం సారాంశంలో చేరడం, విస్తరణ కరపత్రానికి చేరేసరికి అదే సిఫారసుగా మారడం జరుగుతూనే ఉంటుంది. అదనపు 40 కిలోల నత్రజని అంటే సుమారు 87 కిలోల యూరియా, అనగా 45 కిలోల బస్తాలు దాదాపు రెండు. ఆ ఖర్చు భరించేది రైతు. నిజానికి క్రమంగా పెరిగే మోతాదులను రెండేసి చొప్పున పోల్చడం కంటే ప్రతిస్పందన రేఖను గీసి, ధాన్యం ధర, ఎరువు ధరలతో లాభదాయక మోతాదును లెక్కించడమే సరైన పద్ధతి.

ధాన్యంలోని తేమ మరింత సూక్ష్మమైన చిక్కు. 20 శాతం తేమతో తూచిన 6,000 కిలోల ధాన్యం 14 శాతం తేమకు సవరిస్తే సుమారు 5,581 కిలోలే అవుతుంది. ఈ 419 కిలోల వ్యత్యాసం పై ఉదాహరణలోని క్రిటికల్ డిఫరెన్స్ కంటే ఎక్కువ. అధిక నత్రజని పైరు పక్వతను ఆలస్యం చేస్తుంది. అన్ని మడులను ఒకే రోజు కోసినప్పుడు ఎక్కువ మోతాదు వేసిన మడి ధాన్యంలో తేమ ఎక్కువగా ఉండవచ్చు. సవరణ చేయకపోతే నీటి బరువు ఎరువు ప్రభావంగా లెక్కకు వస్తుంది. దిగుబడిని ఏ తేమ శాతం వద్ద లెక్కించారో పద్ధతులలో ఒక్క వాక్యం రాస్తే సమీక్షకుని సందేహం తీరుతుంది.

తెలుగులో ‘60 కిలోల భాస్వరం’ అని రాసినప్పుడు సాధారణంగా ఉద్దేశించేది ఫాస్ఫరస్ పెంటాక్సైడ్ రూపమే. మూలక రూపంలో అది సుమారు 26 కిలోలు. ఏ రూపమో స్పష్టపరచవలసిన బాధ్యత రచయితదే. లభ్య భాస్వరాన్ని ఓల్సన్ పద్ధతిలో నిర్ధారించారా, బ్రే పద్ధతిలోనా అన్నది కూడా పేర్కొనాలి. మొదటిది తటస్థ, క్షార నేలలకు, రెండవది ఆమ్ల నేలలకు తగినది. స్ప్లిట్ ప్లాట్ ప్రయోగంలో ప్రధాన మడులకు, ఉప మడులకు దోషం వేర్వేరు కనుక రెండింటికీ ఒకే క్రిటికల్ డిఫరెన్స్ ఇస్తే విశ్లేషణ తప్పినట్లే. దిగుబడిని 5,483.67 అని దశాంశాలతో చూపడం తక్కెడకు లేని ఖచ్చితత్వాన్ని పట్టికకు ఆపాదించడమే.

ఉపోద్ఘాతం విషయంలో చెప్పవలసినది తక్కువ. వరి ప్రాముఖ్యంపై ఒక పేజీ ఎవరూ చదవరు. ఈ ప్రయోగం ఎందుకు అవసరమైందో రెండు పేరాలలో తెలిస్తే చాలు. వ్యాసం పంపే ముందు సారాంశంలోని ప్రతి అంకెను పట్టికతో సరిచూడాలి. ఆ పని ప్రయోగంలో పాల్గొనని సహాధ్యాయికి అప్పగిస్తే పొరపాట్లు త్వరగా బయటపడతాయి.